పొద్దున లేవని నాగలి

1964లో మిరుగం కార్తె నాటి సంగతి, తొలకరి వానలు పడే రోజులు. అప్పటికి నేను మహబూబ్‌నగర్‌లో ఒక ట్రాక్టర్ల మరమ్మతు షెడ్డులో మిస్త్రీని. పుట్టింది నారాయణపేటలో, చీరలు నేసే ఇంట్లో. మా నాయిన నన్ను మగ్గం ముందు కూర్చోబెట్టాలని చాలా ప్రయత్నం చేశాడు గానీ, నాకు ఇంజను చప్పుడు వింటే గాని అన్నం సయించేది కాదు. మొదట బస్సు డిపోలో బ్రేకుల పని నేర్చుకున్నాను. తర్వాత ట్రాక్టర్ల వైపు వచ్చాను. ఆ రోజుల్లో జిల్లా మొత్తం మీద ట్రాక్టర్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే ఉండేవి, వాటిని విప్పి మళ్లీ బిగించగల వాళ్లు ఇంకా తక్కువ. అందుకని నాకు కొంచెం పొగరు కూడా ఉండేదని చెప్పకపోతే అబద్ధమవుతుంది.

ట్రాక్టరు బాగు చేయడం అనగానే అందరికీ ఇంజనే గుర్తొస్తుంది. నిజానికి దున్నే రైతుకు అసలు పని వెనకాల ఉంటుంది. సీటు కింద హైడ్రాలిక్ లిఫ్ట్ అని ఒక ఏర్పాటు ఉంటుంది, అంటే నూనె ఒత్తిడితో బరువు ఎత్తే యంత్రం. డ్రైవరు కుడిచేతి పక్కన ఒక చిన్న లీవరు. దాన్ని పైకి లాగితే లోపలి పంపు నూనెను తోస్తుంది, వెనకున్న ఇనుప చేతులు లేచి నాగలిని నేల మీంచి ఎత్తుతాయి. కిందికి నొక్కితే నూనె వెనక్కి పోతుంది, నాగలి దిగుతుంది. చాలు చివర నాగలి లేవకపోతే ట్రాక్టరు మళ్లలేదు, అంతటితో దున్నకం ఆగిపోతుంది.

నూనె ఎప్పుడు పోవాలో, ఎప్పుడు ఆగాలో చెప్పేది కంట్రోల్ వాల్వ్. ఇంత పేరున్న వస్తువు చూడబోతే చిటికెన వేలంత ఉక్కు కడ్డీ, అది పట్టే ఒక గొట్టం, అంతే. ఆ రెండింటి మధ్య తలవెంట్రుక కూడా దూరదు. అయినా కడ్డీ గొట్టంలో మగ్గం మీద దారం మోసే నాడె జారినట్టు ఇటూ అటూ హాయిగా జారుతుండాలి. అది ఎక్కడైనా పట్టేసిందంటే లీవరు ఎంత లాగినా ఒకటే.

ఒకరోజు పొద్దున్నే షెడ్డు ముందు ఒక ఆడమనిషి వచ్చి నిలబడింది. నడి వయసు ఉంటుంది. బస్సు దిగి నేరుగా వచ్చినట్టుంది, చీర కుచ్చెళ్ల నిండా ఎర్రమట్టి. పేరు బాలమ్మ అని, అమ్రాబాద్ గుట్టల దారిలో ఒక ఊరని చెప్పింది.

"మిస్త్రీ, మా ట్రాక్టరు నాగలి పొద్దుగాల లేస్తలేదు" అంది.

"ఎప్పుడు లేస్తదక్కా మరి?" అన్నాను.

"పొద్దెక్కినంక దానంతట అదే లేస్తది. లేసినంక దిగుమంటె దిగది."

నాకు నవ్వొచ్చింది. మా షెడ్డులో అందరం నవ్వాం. ఆమె మాత్రం నవ్వలేదు. మా నవ్వు అయిపోయేదాకా నిలబడి, తర్వాత తన గోడు చెప్పింది. భర్త పోయి కొన్నేళ్లయింది. ఊళ్లో ఎర్ర చెల్క ఉంది, ఆముదాలూ జొన్నలూ పండే భూమి. ఆ భూమిని పాలుకు తనకివ్వమని మరిది రాములు అడిగాడు. పాలుకిస్తే పంటలో భాగం వస్తుంది గానీ, ఎప్పుడు దున్నాలో ఏమి వెయ్యాలో చెప్పే మాట మనది కాకుండా పోతుంది. బాలమ్మ ఒప్పుకోలేదు. ఎడ్లను అమ్మేసి, హైదరాబాదుకు మకాం మార్చిన ఒక దొర దగ్గర పాత ట్రాక్టరు కొన్నది. దొర డ్రైవరు దగ్గరే నడపడం నేర్చుకుంది. మొదటి ఏడు బ్రహ్మాండంగా దున్నింది. ఈ ఎండాకాలం నుంచి నాగలికి ఈ రోగం పట్టుకుంది.

పెద్దమనుషుల్లో మాట అయిపోయిందట. మిరుగం వాన పడ్డాక ఆ తడి ఆరేలోగా ట్రాక్టరు చెల్కలో దిగాలి. దిగకపోతే అది పాత ఇనుము వ్యాపారికి పోతుంది, చెల్క పాలు కింద రాములుకు పోతుంది.

"వాన పడ్డది మిస్త్రీ" అంది బాలమ్మ.

మా షెడ్డు యజమాని అంతా విని, ఆ పాత మోడలుకు కొత్త వాల్వ్ మద్రాసు నుంచి రావాలని, ఎప్పుడొస్తుందో దేవుడికే ఎరుక అని చెప్పాడు. వాల్వ్ అరిగిపోయి ఉంటుందని ఆయన నమ్మకం. నాకు విప్పి చూడకుండా అరిగిందనే వాళ్లంటే ఒళ్లు మంట. నేను వెళ్లి చూస్తానన్నాను. సామాన్ల సంచీ, కొత్త నూనె డబ్బాలూ తీసుకుని ఆమెతో పాటే బస్సెక్కాను. బస్సు దిగాక వాగు దాటడానికి ఎడ్లబండి దొరికింది. వాగులో అప్పటికే ఎర్రనీళ్లు వస్తున్నాయి, మేము దాటిన సాయంత్రానికే అటు నుంచి ఇటు మనుషులు రావడం ఆగిపోయింది.

నేను చాలా ట్రాక్టర్లు చూశాను. అంత గారాబంగా పెరిగిన ట్రాక్టరును మాత్రం అంతకు ముందూ చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. ఎడ్ల కొట్టంలో ఎడ్లు కట్టేసే జాగాలో దాన్ని నిలబెట్టారు. ముందు భాగానికి పసుపు రాసి బొట్లు పెట్టారు. దిష్టి తగలకుండా ముందు ఒక నల్లతాడు. కాకులు పాడు చేయకుండా సీటు మీద పాత చీర కప్పి ఉంది. దాని చక్రం పక్కనే నులక మంచం వేసుకుని బాలమ్మ అత్త కూర్చుని ఉంది. ఈరమ్మవ్వ అంటారు ఊరంతా. మెడలో తులసిపూసలు, నోట్లో ఆకు వక్క. నన్ను పైనుంచి కిందికి చూసి, తిన్నవా బిడ్డా అని అడిగింది. తినకుండా ట్రాక్టరు మీద చెయ్యి వెయ్యనియ్యలేదు.

నేను జొన్నరొట్టె తింటుండగానే రాములు వచ్చాడు. చెడ్డవాడిలా కనబడలేదు. వదినె మొండిదని, ఇంటి గౌరవం రోడ్డున పడుతుందని నిజంగా భయపడే మనిషి.

"పాత ఇనుముకు మందేంది మిస్త్రీ? సుత్తెతోని నాలుగు కొట్టు, లేస్తె లేస్తది" అన్నాడు.

సుత్తె మాట వింటే నాకు కోపం ఆగదు. "నీకు నడుము పట్టుకుంటె నాలుగు కొడితె లేస్తవానే?" అన్నాను. ఈరమ్మవ్వ ఎంత నవ్విందంటే నోట్లో ఆకు బయటికి వచ్చేసింది. రాములు కూడా కొంచెం నవ్వాడు. నవ్వి, ఎదురుగా గోడ మీద తిష్ట వేశాడు.

పనిలోకి దిగాను. ఆ రకం ట్రాక్టరులో గేర్లకూ, వెనక ఇరుసుకూ, లిఫ్టుకూ అన్నింటికీ ఒకటే నూనె. కింద బిరడా విప్పి ఒక తొట్టిలోకి వదిలాను. మామూలుగా ఆ నూనె ధారగా పడుతుంది. ఇది తీగలు సాగుతూ, తెగకుండా, బద్ధకంగా దిగింది. ఎవరో చిక్కటి నూనె పోసి ఉంటారనుకున్నాను. కింద పడుకుని పంపు దించి, దానిలోంచి కంట్రోల్ వాల్వ్ బయటికి తీశాను. కడ్డీ గొట్టంలో బిగుసుకుపోయి ఉంది. ఓపికగా తిప్పి తిప్పి బయటికి లాగితే, దాని ఒంటి మీద తేనెరంగు పొర ఒకటి కనబడింది. గోరుతో గీకితే వస్తుంది గానీ, కిరసనాయిలుతో ఎంత కడిగినా కరగదు. గరుకు కాగితంతో రుద్దేద్దామని ఎవరికైనా అనిపిస్తుంది. ఆ పని చేస్తే పొరతో పాటు ఉక్కూ అరుగుతుంది, అప్పుడు నిజంగానే మద్రాసు దారి చూడాలి. అందుకని గుడ్డతోనే తుడిచి, ఎంత వస్తే అంత తీసి మళ్లీ బిగించాను.

పరీక్షకు కొత్త నూనె పోయడం మా షెడ్డులో అలవాటు లేదు. పాత నూనెనే గుడ్డలో వడగట్టి పోసి, పని చేస్తుందని తేలాకే కొత్తది పోస్తాం. అలాగే చేసి ఇంజను నడిపించాను. కాసేపటికి నూనె వేడెక్కింది, బాలమ్మ లీవరు లాగితే నాగలి లేచింది, నొక్కితే దిగింది. ఆమె మళ్లీ లేపింది, మళ్లీ దించింది. కొత్త బొమ్మ దొరికిన పిల్లలా ఆపకుండా అదే పని. రాములు గోడ దిగి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్నే బాలమ్మ చీర గోచీ పెట్టి తయారై వచ్చింది. ఇంజను స్టార్టు చేసింది. లీవరు లాగింది. నాగలి నేల మీద అలాగే పడుకుని ఉంది. ఆమె నా వైపు చూసింది. నేను లీవరు వైపు చూశాను. గోడ మీద రాములు అప్పటికే వచ్చి కూర్చుని ఉన్నాడని అప్పుడు గమనించాను.

మళ్లీ అంతా విప్పాను. అదే పొర, కాస్త మెత్తగా, మళ్లీ అతుక్కుపోయి ఉంది. ఏం పాలుపోలేదు. పైన ఎండ కాస్తున్నది, చెల్కలో తడి ఆరిపోతున్నదని నాకు వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ బాధలో అన్నానికి లేచి చేతులు కడుక్కోబోయాను. కిరసనాయిలు పోశాను, సబ్బు రుద్దాను, ఇటుక పొడి రుద్దాను. చేతులు జిగట వదలవు. రెండు వేళ్లు కలిపితే అతుక్కుంటున్నాయి.

ఈరమ్మవ్వ చూస్తూ ఉండి, లోపలికి వెళ్లి కుంకుడుకాయ పులుసు చెంబుతో తెచ్చింది. నా చేతులు తన చేతుల్లోకి తీసుకుని, చిన్నపిల్లవాడికి కడిగినట్టు రుద్దడం మొదలుపెట్టింది.

"ఆముదం జిడ్డు సబ్బుకు పోతదా బిడ్డా? దీనికే పోతది" అంది.

"ఆముదం ఎక్కడిదవ్వా? ఇది ట్రాక్టర్ల నూనె."

"అండ్ల ఉన్నది ఆముదమే గద. నేనే పోసిన. శనివారం శనివారం గంటెడు పోస్త."

నా చేతులు ఆమె చేతుల్లోనే ఆగిపోయాయి. బాలమ్మ వంటింటి గడపలో నిలబడిపోయింది. గోడ మీద రాములుకు ఒక క్షణం అర్థం కాలేదు, అర్థమయ్యాక వాడి నోరు తెరుచుకునే ఉంది. ముసలమ్మ మాత్రం మా ముఖాలు చూడకుండా, నా వేళ్ల సందులు రుద్దుతూ నెమ్మదిగా చెప్పుకుంటూ పోయింది. దొర డ్రైవరు ఒకసారి ట్రాక్టరు నడుము మీద బిరడా విప్పి నూనె పోస్తుంటే చూసిందట. అయితే దానికి నోరు అక్కడ ఉన్నదన్న మాట అనుకుందట. డ్రైవరు వెళ్లిపోయాక దానికి ఎవరూ ఏమీ పెట్టడం లేదని ఆమెకు దిగులు పట్టుకుంది. ఆముదాలు తానే వేయించి, తానే దంచి, తానే వండిన ఆముదం. ఊళ్లో అంత మంచి ఆముదం ఇంకెవరూ తియ్యరు.

"బండి ఇరుసుకు ఆముదమే పెడితిమి. పిల్లలకు తలకు ఆముదమే పెడితిమి. ఎడ్లకు కడుపుబ్బితె ఆముదమే తాపితిమి. ఇంటికొచ్చిన దీనికొక్కదానికి పెట్టకుంటె ఎట్ల?" అంది.

నిజం చెప్పాలంటే నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. వాల్వ్ అరగలేదు. మద్రాసు నుంచి ఏదీ రానక్కర్లేదు. ఆముదం మంచి నూనే. బండి ఇరుసుకు దాన్ని మించింది లేదు. కానీ వేడెక్కుతూ చల్లారుతూ ఉండే యంత్రం లోపల అది నెలల తరబడి ఉంటే బంకలా మారి, ఎక్కడ ఇరుకుంటే అక్కడ పట్టుకుంటుంది. వేడికి కాస్త వదులుతుంది, చల్లబడితే బిగుస్తుంది. నాగలి పొద్దెక్కాక లేవడం, లేచాక దిగనని మొరాయించడం, రెంటి వెనకా రహస్యం అదే. దాని మందు కూడా నాకు తెలుసు. డిపోలో మేము వాడిన బ్రేకు ఆయిలు ఆముదంలో స్పిరిట్ కలిపి చేసిందే. బ్రేకు సిలిండరు బంక పట్టినప్పుడు స్పిరిట్‌తోనే కడిగేవాళ్లం. కిరసనాయిలు ఎంత పోసినా లొంగనిది దానికి లొంగుతుంది.

నేను ఇదంతా సంబరంగా చెబుతుంటే ఈరమ్మవ్వ ముఖం మాడిపోయింది. నేను చెప్పిన దాంట్లో ఆమెకు వినబడింది ఒక్కటే, కోడలి ట్రాక్టరును తానే చంపిందని. చెంబు కింద పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, పోయి చక్రం పక్కన మంచంలో కూర్చుంది. ఇంటిల్లిపాదికీ ముద్ద పెట్టిన చెయ్యి, ఆ చేతిని ఒళ్లో దాచుకుంది. నాకు నా సంబరం మీద నాకే సిగ్గేసింది.

రాములు గొంతు సవరించుకున్నాడు. "అమ్మా..." అని ఏదో అనబోయాడు.

బాలమ్మ వాడిని కంటితోనే ఆపింది. వచ్చి అత్త పక్కన మంచం మీద కూర్చుంది.

"నీ చేతి ఆముదంతోనే నీ కొడుకులు గింత పెద్దగయిన్రు. నా పిల్లలు పెద్దగయిన్రు. దీనికే పడలే అత్తమ్మా, తప్పు నీది గాదు, దీని కడుపుది" అంది.

ముసలమ్మ కొంగు తీయలేదు గానీ, కొంగు వెనక నవ్వు మొదలైందని భుజాలు చెప్పాయి.

ఇక స్పిరిట్ కావాలి. కల్వకుర్తి దవాఖానలో దొరుకుతుంది, కానీ వాగు దాటే దారి లేదు. ఊళ్లో దానికి దగ్గర చుట్టం ఒకటే ఉంది, సారా. అందులోనూ బట్టీలో మొదట పడే ధార. అగ్గిపుల్ల చూపితే నీలంగా మండేటంత ఘాటు. నేను ఆ మాట అనగానే అందరూ ఈరమ్మవ్వ మెడలో పూసల వైపు చూశారు. ఆ ఇంట్లో సారా చుక్క గేటు దాటి లోపలికి రాదు. ఆమె కాపురానికి వచ్చిననాటి నుంచి అదే కట్టడి. పెళ్లికి వచ్చిన బంధువులు కూడా బయటే తాగి, బయటే నోరు కడుక్కుని వచ్చేవారట.

అది నేను తేల్చే విషయం కాదు. ముసలమ్మే, సారాను లోపలికి తేవద్దు, వాల్వ్‌నే బయటికి తీసుకుపొమ్మని తీర్పు చెప్పింది. తెచ్చేది ఎవరన్న దాని మీద చర్చ జరగలేదు. సారా అంగడి దారి ఆ ఇంట్లో ఎవరికి బాగా తెలుసో ఊరందరికీ తెలుసు. రాములు అటూ ఇటూ చూసి, గోడ దిగి, చేతికి ముంత తీసుకున్నాడు. వాడు తిరిగి వస్తుంటే వీధిలో వాళ్లంతా ముంతలోకి తొంగి చూశారు, నిండుగా ఉందా అని. నిండుగానే ఉంది. పాపం, వాడి జీవితంలో అదే మొదటిసారి కావచ్చు.

గేటు బయట రాతి అరుగు మీద కూర్చున్నాను. ఒక చుక్క రాతి మీద పోసి వెలిగిస్తే నీలం మంట లేచింది. మంటను ఆర్పి, దూరం జరిగి, కొత్త ముంతలో వాల్వ్‌ను సారాలో ముంచాను. చుట్టూ జనం చేరారు. ఒకడు దానికి నంజుకోవడానికి శనగలు తెమ్మంటావా అని అడిగాడు. ఇంకొకడు, మా ఊళ్లో ఇనుము కూడా తాగుడు నేర్చిందన్నాడు. వెంటనే కరిగిపోలేదు. పొర మెల్లగా ఉబ్బి, తెల్లబారి, అంచుల దగ్గర ఊడడం మొదలుపెట్టింది. మెత్తటి గుడ్డతో తుడుస్తూ, మళ్లీ ముంచుతూ కూర్చున్నాను. రాములు నా ఎదురుగా గొంతుక్కూర్చుని, పోసిన సారా నల్లబడుతుంటే కళ్లప్పగించి చూశాడు.

మిగిలిన పని ఈరమ్మవ్వ తీసుకుంది. వేడినీళ్లలో కుంకుడు పులుసు తెచ్చి, సారా వాసన పోయేదాకా ఆ కడ్డీకీ గొట్టానికీ తలంటి పోసింది. నేను ఎండలో ఆరబెట్టి, తుప్పు పట్టకుండా వెంటనే కొత్త నూనె రాశాను. ట్రాక్టరు కడుపులో గోడలకు పట్టిన బంకను కూడా సారాలో తడిపిన గుడ్డలతో ఒత్తి తుడవాల్సి వచ్చింది. ఆ గుడ్డలు గేటు దాటి లోపలికి వెళ్తుంటే ముసలమ్మ అటు తిరిగి కూర్చుంది. ట్రాక్టరు కోసం చూసీ చూడనట్టు ఊరుకుంది.

మా పనిలో ఒక పరీక్ష ఉంది. గొట్టాన్ని నిలువుగా పట్టుకుని, పై నుంచి కడ్డీని వదలాలి. దబ్బున పడిందంటే అరిగిందని అర్థం. మధ్యలో ఆగిందంటే ఇంకా మురికి ఉందని. తన బరువుకు తానే, తొందర లేకుండా, ఆగకుండా దిగాలి. అరుగు మీద నిలబడి, అందరూ చూస్తుండగా వదిలాను. కడ్డీ నిదానంగా జారుతూ, చివరిదాకా జారుతూ వెళ్లి నా అరచేతిలో ఆగింది. ఇప్పుడు తలుచుకున్నా ఆ చిన్న బరువు అరచేతికి తగులుతుంది. నా ఉద్యోగంలో అంత ఆనందం ఇచ్చిన క్షణాలు చాలా లేవు.

బిగించి, తెచ్చిన కొత్త నూనె పోశాను. ఇంజను మాత్రం స్టార్టు చెయ్యనియ్యలేదు. వేడి మీద లేవడం గొప్ప కాదు, చల్లటి పొద్దున లేవాలి. బాలమ్మ ఆ సాయంత్రం చెల్క దాకా నడిచి వెళ్లి, గుప్పెడు మన్ను తెచ్చి పిడికిట్లో ఒత్తి చూపించింది. ఉండ కట్టింది. ఇంకా తడి ఉంది.

తెల్లవారగానే ఊరు ఊరంతా కొట్టం ముందు ఉంది. లిఫ్టు పరీక్షకు ఉత్త నాగలి చాలదు, దాని మీద బరువు కూడా ఉండాలి. బియ్యం బస్తా తెమ్మన్నాను. ఈరమ్మవ్వ మంచం దిగి వచ్చింది.

"బస్త ఎందుకు? దీన్ని పండబెట్టింది నేను. లేపుతె నన్నే లేపాలె" అంది.

ఎవరు చెప్పినా వినలేదు. నాగలికి అడ్డంగా ఒక పలక తాళ్లతో గట్టిగా కట్టి, కింద గడ్డి పరిచి, ఆమెను కూర్చోబెట్టాను. ఆమె బొడ్లో ఆకువక్కల సంచి సర్దుకుని, ఇనుప కమ్మీ పట్టుకుంది. బాలమ్మ సీటెక్కి ఇంజను స్టార్టు చేసింది. చల్లటి ఇంజను, చల్లటి నూనె. అత్త వైపు ఒకసారి వెనక్కి చూసి లీవరు లాగింది.

నాగలి లేచింది. కుదుపు లేకుండా, ఆగకుండా, ముసలమ్మను మోసుకుని, ఆమె తల జనం తలల మీదికి వచ్చేదాకా లేచింది. పిల్లలు కేకలు పెట్టారు. ఈరమ్మవ్వ ముందు కళ్లు గట్టిగా మూసుకుంది, తర్వాత ఒక కన్ను తెరిచింది, తర్వాత రెండోది కూడా తెరిచి ఇంటి కప్పు మీద పెంకులు చూసింది. అక్కడ ఒక పెంకు పగిలిందని కొడుకుకు చెప్పింది.

లేవడం సగం పరీక్ష. లేచింది లేచినట్టు నిలబడాలి. వాల్వ్‌లో లోపం ఉంటే నూనె కారి, నాగలి తెలియకుండా దిగిపోతుంటుంది. నేను ఇంజను ఆపించి, ఇనుప చేయి ఎంత ఎత్తున ఉందో పక్కన గోడ మీద సుద్దతో గీత గీశాను. పైన ముసలమ్మ సంచి విప్పింది. ఆకు తీసి తుడిచింది, సున్నం రాసింది, వక్క కొరికింది, మడిచి నోట్లో పెట్టుకుంది. నమలడం మొదలుపెట్టింది. వీధిలో పోయేవాళ్లను పేరు పెట్టి పిలిచి, పైనుంచి యోగక్షేమాలు అడిగింది. ఆమెకు దిగే ఆలోచనే లేదు. కింద రాములు సుద్దగీత దగ్గర గొంతుక్కూర్చున్నాడు. గీతనూ ఇనుప చేతినీ మార్చి మార్చి చూస్తున్నాడు. ఆమె ఆకు పూర్తిగా నమిలి, పక్కకు వంగి ఉమ్మేసేదాకా ఎవరూ కదల్లేదు. ఇనుప చేయి గీత మీదే ఉంది.

రాములు లేచి, మోకాళ్లు దులుపుకుని, ట్రాక్టరు ముందుకు వచ్చాడు. బాలమ్మ సీటు మీద నుంచి చూస్తోంది. పాలు మాట, ఇనుము వ్యాపారి మాట అక్కడున్న ప్రతివాళ్ల మనసులోనూ ఉంది.

"వదినె, నీ చెల్క అయినంక నా చెల్క దున్నుతవా? ఇప్పుడే చెప్తున్న, మల్ల ఇంకెవరికన్న ఒప్పుకుంటవేమో" అన్నాడు.

బాలమ్మ ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుని చాలాసేపు నవ్వింది. కాసేపటికి అది నవ్వో ఏడుపో నాకు తెలియలేదు. ఆ తర్వాత అత్తను మెల్లగా కిందికి దించి, నేరుగా చెల్కకు పోనిచ్చింది. చాలు చివర నాగలి లేచింది, ట్రాక్టరు మళ్లింది, నాగలి దిగింది. నేను గట్టు మీద నిలబడి, నాకేమీ పని లేకపోయినా మధ్యాహ్నం దాకా చూశాను.

వాగు తగ్గాక బయల్దేరుతుంటే ఈరమ్మవ్వ నా చేతిలో ఒక సీసా పెట్టింది. ఆమె చేతి ఆముదం. ట్రాక్టరుకు పడనిది నాకు పడుతుందని, శనివారం శనివారం తలకు పెట్టుకోమని చెప్పింది. పెట్టుకున్నాను కూడా. ఆ తర్వాత ప్రతి ఏడూ మిరుగం దాటాక, బస్సులో ఎవరో ఒకరి చేతికిచ్చి షెడ్డుకు సీసా పంపేవారు.

ఆ ఊరు వెళ్లి వచ్చాక నా పని పద్ధతి కొంత మారింది. అంతకు ముందు ఏ ఊళ్లో బండి ఆగినా, నేను మొదట అడిగేది ఏం పాడైందని. తర్వాత నుంచి సామాన్ల సంచీ విప్పకముందే వేరే మాట అడగడం మొదలుపెట్టాను, ఈ ఇంట్లో దీన్ని ఎక్కువ ముద్దు చేసేది ఎవరని. అడగగానే ఇంటివాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. తర్వాత ఎవరో ఒకరు, ఎక్కువగా ఒక ముసలమ్మో ముసలాయనో, సిగ్గుపడుతూ ఒక అడుగు ముందుకు వేస్తారు. సగం రోగం నాకు అక్కడే తెలిసిపోతుంది. అయినా మందు సంగతి తర్వాత చూసుకుంటాను, ముందు వాళ్ల పక్కన కూర్చుంటాను.